నిందితుడి పక్షాన వాదన – 6వ పాఠం: మాట మారిన చోటును రికార్డులోకి తేవడం

కిందటి పాఠంలో భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్‌ను విడగొట్టి చూశాం. స్త్రీపై దాడి చేయడం లేదా నేరపూరిత బలం ప్రయోగించడం మొదటి అంశం. ఆమె మర్యాదకు భంగం కలిగించాలన్న ఉద్దేశం, లేదా భంగం కలుగుతుందన్న ఎరుక రెండో అంశం. రెండూ రుజువైతే ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, దానితోపాటు జరిమానా. పాత శిక్షాస్మృతిలో 354గా మనకు అలవాటైన సెక్షనే ఇది. 2024 జులై 1కి ముందు జరిగిన ఘటన అయితే ఇప్పటికీ 354 కిందే విచారణ. కాబట్టి చార్జిషీటు చేతికి రాగానే ముందు ఘటన తేదీ చూడండి.

ఈ పాఠంలో నేర్చుకునే పని ఒక్కటే. ఫిర్యాదిదారు కోర్టులో చెప్పినదానికీ, అంతకుముందు పోలీసులకు చెప్పినదానికీ తేడా ఉంటే దాన్ని రికార్డులోకి తేవడం. ఇలాంటి కేసుల్లో జూనియర్లు తరచుగా పట్టుకు వేలాడేది ‘వేరే సాక్షి ఎవరూ లేరు’ అన్న వాదన. అది నిలవదు. బాధితురాలి సాక్ష్యం నమ్మకం కలిగిస్తే దానికి వేరే బలం అక్కర్లేదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది అత్యాచారం కేసే అయినా 74లోనూ ప్రాసిక్యూషన్ దాన్నే ముందు పెడుతుంది. అందువల్ల మన దృష్టి సాక్షుల లెక్క మీద కాదు, ఆ ఒక్క సాక్ష్యం ఎంత గట్టిగా నిలుస్తుందన్నదాని మీద ఉండాలి.

మన అభ్యాసం ఫైలు తెరవండి. ఇది కల్పిత కేసు. ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య ప్రహరీ గోడ తగాదా. ఫిర్యాదులో ‘గోడ దగ్గర నా చెయ్యి పట్టుకుని లాగాడు’ అని ఉంది. నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చినది) 180 కింద పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలంలో ‘ఎదురుగా వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు, తిట్టాడు’ అని ఉంది. 183 కింద మేజిస్ట్రేటు ముందు కూడా ఇంచుమించు అదే మాట. విచారణలో పీడబ్ల్యూ-1గా, అంటే ప్రాసిక్యూషన్ తొలి సాక్షిగా, బోనెక్కినప్పుడు మాత్రం ఆమె ‘సాయంత్రం ఆరున్నరకు వెనక నుంచి వచ్చి నడుం పట్టుకున్నాడు’ అన్నారు. ఫిర్యాదులో సమయం ఆరు గంటలు.

ఇక్కడ తేడాలు మూడు. ఆరు, ఆరున్నర తేడాను వదిలేయండి. భయంలో ఉన్న మనిషి గడియారం చూసుకోరు. చిన్నచిన్న పొరపాట్లకు అతి ప్రాధాన్యం ఇవ్వరాదని 1983లో భర్వాడా భోగీన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరగంట కోసం అరగంట వాదించే వకీలు మీద మేజిస్ట్రేటుకు విసుగు పుడుతుంది, ఆ విసుగు అసలు ప్రశ్న దాకా సాగుతుంది. మిగతా రెండూ అలాంటివి కావు. గోడ దగ్గర పెనుగులాటలో చెయ్యి లాగితే అందులో మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశం ఉందా అన్నది వాదించదగ్గ ప్రశ్న. వెనక నుంచి నడుం పట్టుకుంటే ఆ ప్రశ్నకు దాదాపు తావే ఉండదు. అంటే కోర్టులో కొత్తగా వచ్చిన మాట నేరుగా రెండో అంశాన్ని పూడుస్తోంది. తేడా ముఖ్యమా కాదా అని తేల్చుకోవడానికి అది ఏ అంశాన్ని తాకుతోందో చూస్తే చాలు.

‘ఎదురుగా’ అన్నది ‘వెనక నుంచి’గా మారడం వైరుధ్యం. పోలీసు వాంగ్మూలంలో అందుకు ఎదురు నిలిచే వాక్యం ఉంది. ‘నడుం పట్టుకున్నాడు’ అన్నది లోపం. ముందు అసలు లేని మాట ఇప్పుడు వచ్చింది. ఈ రెంటికీ అడిగే పద్ధతి వేరు.

వైరుధ్యానికి సాక్ష్య అధినియమం (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చినది) 148 చెప్పే దారి ఉంది. ఆ వాక్యం మీదికి సాక్షి దృష్టి మళ్లించకుండా దాన్ని రుజువు చేయడం కుదరదు. ముందు ఇప్పుడు చెప్పిన మాటను ఖాయం చేయండి:

“అతను వెనక నుంచి వచ్చాడని ఇప్పుడు చెప్పారు కదమ్మా?”
“అవునండీ.”
“పోలీసుల దగ్గర మీరు ‘ఎదురుగా వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు’ అని చెప్పారు. అవునా?”
“లేదండీ, నేనలా చెప్పలేదు.”

ఇక ఆగండి. ‘మరి పోలీసులు ఎందుకు రాశారు?’ అని అడగాలని నాలుక దురద పెడుతుంది. అడిగితే ఆమె వివరణ ఇస్తారు, ఆ వివరణ తీర్పులోకి ఎక్కుతుంది. ఆ వాక్యాన్ని మాత్రం బ్రాకెట్లో పెట్టించి, రుజువుకు లోబడి గుర్తించమని కోరండి.

లోపానికి గుర్తించడానికి వాక్యమే ఉండదు. అందుకని ‘నడుం పట్టుకున్నాడని పోలీసులకు చెప్పారా?’ అని అడుగుతారు. ఆమె ‘చెప్పాను’ అంటారు. అంతటితో సరి. ఈ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది. 1959 నాటి తహసీల్దార్ సింగ్ కేసులో గ్యాసు లాంతరు సంగతి పోలీసులకు చెప్పారా అని డిఫెన్సు సరిగ్గా ఇలాగే అడిగితే విచారణ కోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు మెజారిటీ కూడా అదే నిలబెట్టింది. ఆ తీర్పు రాసింది మన జస్టిస్ కోకా సుబ్బారావు, గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆ తర్వాత 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 162కు వివరణ చేర్చారు: ముఖ్యమైన, సందర్భానికి సంబంధించిన లోపం కూడా వైరుధ్యం కావచ్చు, అయిందా లేదా అన్నది వాస్తవాలను బట్టి తేల్చాల్సిన ప్రశ్న. అదే వివరణ ఇప్పుడు సురక్షా సంహిత 181లో ఉంది. ఎదుటి వకీలు అభ్యంతరం లేవదీస్తే ఆ వివరణ చదివి వినిపించండి.

సగం పని ఇంకా మిగిలే ఉంది. వాంగ్మూలం నమోదు చేసిన అధికారి బోనెక్కినప్పుడు ‘ఎదురుగా వచ్చి అని పీడబ్ల్యూ-1 మీతో చెప్పారా?’ అని అడిగి, అవునన్నాక ఆ వాక్యాన్ని ఎగ్జిబిట్ డి-1గా, అంటే డిఫెన్సు తరఫు మొదటి పత్రంగా, మార్కు చేయించాలి. ‘నడుం పట్టుకున్నాడని మీతో చెప్పలేదు కదా?’ అని కూడా అడిగి, లేదనిపించాలి. ఈ మెట్టు తప్పితే ఆమెను అడిగినదంతా వృథా. ఇంకో చిక్కు ఉంది. 74 కేసులో స్త్రీ వాంగ్మూలాన్ని మహిళా పోలీసు అధికారి, లేదా మరో మహిళా అధికారి నమోదు చేయాలి. చార్జిషీటు వేసిన ఎస్సై వేరొకరు కావచ్చు. ఆయనను అడిగితే ‘నేను నమోదు చేయలేదు’ అంటారు, మీరు కూర్చోవలసిందే. సాక్షుల జాబితాలో ఆ మహిళా అధికారి పేరు ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే సురక్షా సంహిత 348 కింద పిలిపించమని దరఖాస్తు పెట్టండి.

ప్రశ్నలు రాసుకునే ముందే మీ వాదం ఏదో తేల్చుకోండి. ‘అసలు ఘటనే జరగలేదు’ అన్నది ఒకటి. ‘తగాదాలో తోపులాట జరిగింది, ఆ ఉద్దేశం లేదు’ అన్నది మరొకటి. రెండోదానితో న్యాయ సంహితలో మామూలు దాడికి శిక్ష చెప్పే 131కి, అంటే మూడు నెలల జైలుకో వెయ్యి రూపాయల జరిమానాకో, లేదా రెంటికీ దిగవచ్చు. కానీ ‘మీరే ముందు తోస్తే అతను చెయ్యి పట్టుకున్నాడు’ అని సూచించారంటే అతను అక్కడ ఉన్నట్టూ, తాకినట్టూ మీరే ఒప్పుకున్నట్టు. నేరాన్ని సూచించే డిఫెన్సు సూచనలు నిందితుడికి వ్యతిరేకంగా పనికొస్తాయని బాలూ సుదామ్ ఖాల్దే కేసులో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కక్షిదారుతో కూర్చుని మాట్లాడకుండా ఆ వాక్యం నోట రానివ్వవద్దు. గోడ తగాదా మీద దావా ఉంటే సర్టిఫైడ్ కాపీలు తెప్పించండి. అయితే శత్రుత్వం రెండంచుల కత్తి. తప్పుడు కేసు పెట్టడానికి అది కారణమైతే, నేరం చేయడానికీ కారణమే.

ఫిర్యాదిదారు నడవడి గురించిన ప్రశ్నలు మీ కాగితం మీద ఉండకూడదు. సమ్మతి ప్రశ్న వచ్చిన చోట ఆమె గత సంబంధాలకూ, శీలానికీ సాక్ష్యంగా విలువ లేదని అధినియమం 48 చెబుతుంది. ఆ సెక్షన్‌లో 74 పేరు పెట్టి ఉంది. అసభ్యమైన, అవమానించే ప్రశ్నలను కోర్టు 154, 155 కింద ఆపుతుంది. ఆమె చీర గురించో, రాత్రి వేళ బయటకు రావడం గురించో అడిగి నెగ్గిన కేసును నేను చూడలేదు. ఓడినవి చూశాను.

అభ్యాసం: ఫైలులోని నాలుగు కథనాలను ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ప్రతి తేడా పక్కనా అది వైరుధ్యమో లోపమో, ఏ అంశాన్ని తాకుతోందో రాసి, పీడబ్ల్యూ-1కు వేసే ప్రశ్నలు అయిదుకు మించకుండా తయారు చేయండి. మహిళా అధికారికి వేయాల్సిన ప్రశ్నలు విడిగా ఉండాలి. 183 వాంగ్మూలం పోలీసు వాంగ్మూలాల వాడకానికి 181 పెట్టిన పరిమితిలోకి రాదు కాబట్టి దాన్ని వాడే తీరు వేరు. 7వ పాఠంలో అక్కడి నుంచి మొదలుపెట్టి, సురక్షా సంహిత 351 కింద నిందితుడిని ప్రశ్నించే ఘట్టానికి వెళదాం.