రంగూన్ తాత జీవితాన్ని కాగితం మీద పెట్టడం ఎలా

విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపులోనూ, శ్రీకాకుళం, తూర్పుగోదావరి పల్లెల్లోనూ 'మా తాత రంగూన్ నుంచి వచ్చాడు' అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. చాలామందికి ఆ ఒక్క మాట తప్ప వివరం తెలియదు. వివరం కావాలంటే ముందు తేల్చాల్సింది ఎప్పుడు వెళ్ళాడని కాదు, ఏ రాకలో వచ్చాడని. తెలుగువాళ్ళు బర్మా నుంచి పెద్దఎత్తున రెండుసార్లు వచ్చారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, 1942 మొదటి నెలల్లో నడిచి వచ్చినది ఒకటి. బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం 1964లో దుకాణాలను జాతీయం చేశాక ఓడల్లో వచ్చినది రెండోది. 1942లో వచ్చి, యుద్ధం అయ్యాక తిరిగి వెళ్ళి, 1964 తర్వాత మళ్ళీ వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు రాకలూ ఇంటి కబుర్లలో కలిసిపోయి ఒకటే ప్రయాణం అయిపోతాయి. కుటుంబ చరిత్రల్లో ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే.

పెద్దవాళ్ళని 'ఏ సంవత్సరం?' అని అడగొద్దు. ఊరికే ఏదో అంకె చెప్పేస్తారు. సంఘటనలు పట్టుకుని అడగండి: 'జపాను నోట్లు చూశావా తాతా?' అవి యుద్ధకాలంలో బర్మాని ఆక్రమించిన జపాను వేసిన నోట్లు. చూశానంటే 1942లో బయల్దేరలేదు, యుద్ధమంతా అక్కడే ఉన్నాడు. 'ఏబై, వంద నోట్లు చెల్లవన్న రోజు ఎక్కడున్నావు నాయనమ్మా?' అది 1964 మే 17. 'రంగూన్ పక్క ఇన్సీన్‌లో కాల్పులు జరిగినప్పుడు?' అది 1949. ఇంకా వెనక్కి వెళ్తే 1930 మే. ఆ నెల మొదట్లో పెగూ భూకంపం, చివర్లో రంగూన్ రేవులో మనవాళ్ళకీ బర్మావాళ్ళకీ మధ్య గొడవలు. ఇలా ఓ పది సంఘటనలు రాసుకుని, ప్రతిదాని పక్కనా తాత ఎక్కడున్నాడో, ఏం పని చేస్తున్నాడో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో నింపండి. సగం జీవితం అక్కడే తేలిపోతుంది.

చెప్పేవాళ్ళ వయసు మర్చిపోవద్దు. 1936లో పుట్టినావిడకి 1942 నాటికి ఆరేళ్ళు. ఆమె కళ్ళతో చూసింది వేరు, వాళ్ళమ్మ చెప్పగా విన్నది వేరు. రాసేటప్పుడు 'చూసింది', 'విన్నది' అని గుర్తు పెట్టండి. ఒక విడతలో నలభై అయిదు నిమిషాలు మించొద్దు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ తెగిపోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి, తోబుట్టువులతో కూర్చోబెట్టి ఒకసారి రికార్డు చేయండి. 'కాదే, అది ప్రోమ్‌లో జరిగింది' అని ఒకరినొకరు దిద్దుకునేది రెండోసారే.

నడిచి వచ్చామని చెబితే దారి అడగండి. ప్రోమ్, తాంగప్, అక్యాబ్, చిట్టగాంగ్ పేర్లు వస్తే అది అరకాన్ దారి. తామూ, పలేల్, ఇంఫాల్, దీమాపూర్ అంటే మణిపూర్ దారి. ఊళ్ళ పేర్లు గుర్తులేకపోతే చివర్లో రైలు ఎక్కడ ఎక్కారో అడగండి. దీమాపూర్ పేరు చాలామందికి గుర్తుంటుంది.

ఇక ఓడ. 'తాత పాస్‌పోర్టు ఎక్కడ దొరుకుతుంది' అని వెతికే పని పెట్టుకోకండి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాకినాడలోనో విశాఖలోనో భీమిలిలోనో కలింగపట్నంలోనో టిక్కెట్టు కొనుక్కుని డెక్ మీద కూర్చుంటే రంగూన్ చేరినట్టే. ఆ డెక్ ప్రయాణికుల పేర్ల జాబితాల మీద ఆశ పెట్టుకోవద్దు. నాటాల్, ఫిజీ వెళ్ళిన కూలీలకు నంబరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా ఓడ జాబితాలు ఉన్నాయి. ఆ పద్ధతి చూసి బర్మాకీ అలాంటివే ఉంటాయనుకుని నెలలు పోగొట్టుకునేవాళ్ళున్నారు. బర్మాకి మనవాళ్ళు ఎక్కువగా మేస్త్రి, అంటే కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే పెద్ద, చేతి అడ్వాన్సు తీసుకుని వెళ్ళారు. కాబట్టి ఓడ పేరు కన్నా మేస్త్రి పేరు విలువైనది. ఒక మేస్త్రి కింద ఒకటి రెండు ఊళ్ళవాళ్ళే ఉండేవారు, రంగూన్‌లో ఒకేచోట కాపురముండేవారు. మేస్త్రి ఊరు తెలిస్తే తాత ఊరికి దగ్గరపడ్డట్టే.

'కోరంగి' అనే మాట దగ్గర జాగ్రత్త. బర్మా కాగితాల్లో కోస్తా తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే రాసేవారు. అది చూసి మా సొంతూరు కాకినాడ పక్క కోరంగి అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇంట్లో పెట్టె అడుగున దొరికే కాగితాల్లో ముఖ్యమైనది ఫారినర్స్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఇంటివాళ్ళు 'ఎఫ్‌ఆర్‌సీ పుస్తకం' అంటారు. బర్మాకి స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పౌరసత్వం తీసుకోని భారతీయుల దగ్గర ఉండేది. ఫొటో, చిరునామా ఉంటాయి. చిరునామా మారినప్పుడల్లా పడ్డ ముద్రల్ని వరసగా రాసుకోండి. బర్మా తేదీలకు ఒక లెక్క ఉంది: బర్మా సంవత్సరానికి 638 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం. 1326 అని ఉంటే 1964. అయితే అక్కడి ఉగాది ఏప్రిల్ నడుమ వస్తుంది కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ నడుమ దాకా 639 కలపాలి. ఇది మరిచిపోతే కొన్ని పెళ్ళిళ్ళు, పుట్టుకలు ఒక ఏడాది వెనక్కి జరిగి, ఒకదానితో ఒకటి పొంతన కుదరదు.

పేర్లతో ఇంకో చిక్కు. చాలామంది బర్మా పేరు కూడా పెట్టుకున్నారు. ముందు వచ్చే ఊ, కో, మౌంగ్, దా అనేవి మన 'గారు', 'తమ్ముడు' లాంటి గౌరవ పదాలే గాని పేరులో భాగం కావు. ఒకే మనిషి చిన్నప్పుడు మౌంగ్, పెద్దయ్యాక ఊ అయి కనిపిస్తే ఇద్దరనుకోవద్దు. వీధుల పేర్లూ మారాయి. డల్హౌసీ స్ట్రీట్ ఇప్పుడు మహాబందూల రోడ్డు, ఫ్రేజర్ స్ట్రీట్ అనోరథా రోడ్డు, మొగల్ స్ట్రీట్ ష్వేబోంథా వీధి. ఈ పేర్లు తెలిస్తే ఫోన్ మ్యాపులో ఆ వీధి దొరుకుతుంది.

మన వైపు కాగితాలు వెతికేటప్పుడు జిల్లా పేరుని నమ్మొద్దు. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. అంతకుముందు అది విశాఖ జిల్లా, కాగితాల్లో పట్నం పేరు చికాకోల్. చికాకోల్‌తో పాటు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి 1936 దాకా గంజాం జిల్లాలో ఉన్నాయి. కాకినాడ కోకనాడ, భీమిలి బిమ్లీపట్నం. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, బర్మా కాందిశీకుల మీద కేంద్రం జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలకు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వారి 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైటు చూడండి. అయితే వాటిలో విధానాలు, లెక్కలు ఉంటాయి. అర్జీ పెట్టుకున్నవాళ్ళని మినహాయిస్తే మామూలు కూలీ పేరు దొరకడం అరుదు.

పేరు దొరికే చోటు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. రంగూన్ నుంచి మనియార్డర్లు పంపినవాళ్ళు ఊళ్ళో తమ్ముడి పేరునో తండ్రి పేరునో ఎకరం, అరెకరం కొన్నారు. పాత దస్తావేజుల్లో రాసిచ్చేవాళ్ళ, రాయించుకునేవాళ్ళ తండ్రి పేరు, వృత్తి, కాపురం రాస్తారు. 'ప్రస్తుతం రంగూనులో ఉండు' అనే ముక్క కనబడితే మీకు ఒక తేదీ, ఒక చోటు ఖాయంగా చిక్కినట్టు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసులో చేత్తో వెతికించాలి. ఊరు, సర్వే నంబరు లేదా పేర్లు, అయిదారేళ్ళ పరిధి రాసి దరఖాస్తు ఇవ్వండి. '1920 నుంచి 1960 దాకా' అని రాస్తే పని కదలదు. దస్తావేజు నంబరు తెలిశాక సర్టిఫైడ్ నకలు అడగండి.

1964 తర్వాత వచ్చినవాళ్ళయితే ఇంటి స్థలం పట్టా, పునరావాస రుణం కాగితాలు, రెప్కో బ్యాంకు వాటా సర్టిఫికెట్టు వెతకండి. 1969లో మొదలైన ఆ బ్యాంకు బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసం పెట్టిందే. వాటా ఉందంటే కాందిశీకుడని రుజువు చూపించారన్నమాట.

దొరికినవాటిని లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు వేయొద్దు. వేడికి సిరా పాకుతుంది, టేపు జిగురు పదేళ్ళకు పసుపు మరకవుతుంది. కిటికీ వెలుగులో ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి, వీలైతే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫొటోల వెనక వైపు కూడా తీయాలి, రంగూన్ స్టూడియో ముద్ర, వీధి పేరు అక్కడే ఉంటాయి. ఎవరెవరో చెప్పించుకుని వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ అయితే ముందు వైపు అచ్చు పడుతుంది. ఆల్బంలో నల్ల అట్టకు అంటుకుపోయిన ఫొటోలు పీకొద్దు, అట్టతో సహా స్కాన్ చేయించండి.