గడియారం మాడ్యూల్ తప్పు టైము చూపిస్తోందా? ముందు ఆ అంకెను చూడండి

భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద, నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్లకు ఆర్డ్యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో సొంతంగా టైమర్లు కట్టుకునేవారికి గడియారం తప్పితే నష్టం తప్పదు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. టైము తేడా రాగానే మాడ్యూల్ పీకి కొత్తది పెట్టేయడం అందరూ చేసే పని. చాలాసార్లు ఆ ఖర్చు దండగ. ఏ తప్పు అంకె కనిపిస్తోందో చూస్తే కారణం అక్కడే దొరుకుతుంది.

165, 85 లాంటి అంకెలు వస్తున్నాయా?
మాడ్యూల్‌లోని గడియారం చిప్ (డీఎస్1307 లేదా డీఎస్3231) అసలు జవాబివ్వడం లేదు. జవాబు లేనప్పుడు ప్రతి బైటూ 255గా వస్తుంది. దాన్ని లైబ్రరీ (చిప్‌ను చదివే రెడీమేడ్ కోడ్) టైముగా మారిస్తే 165, సెకన్లలోనైతే 85 అవుతుంది. ఆర్డ్యూనో ఊనో బోర్డులో మాడ్యూల్ డేటా తీగ (ఎస్‌డీఏ) ఏ4కు, క్లాక్ తీగ (ఎస్‌సీఎల్) ఏ5కు వెళ్లాయో లేదో చూడండి. తర్వాత అడ్రస్ స్కానర్ ప్రోగ్రాం నడపండి. చిప్ అడ్రస్ హెక్స్ 68 (0x68) కనిపించాలి. డీఎస్1307ను 3.3 వోల్టుల మీద నడిపితే, మాడ్యూల్ మీది బటన్ సెల్ బాగున్నా, నిజానికి బాగున్నందువల్లే, అది పలకదు: సరఫరా సెల్ వోల్టేజీకి 1.25 రెట్ల కంటే తగ్గితే ఆ చిప్ తలుపు మూసేస్తుంది. దానికి 5 వోల్టులు ఇవ్వాల్సిందే.

సెకన్లు 9 నుంచి 16కు, 25 నుంచి 32కు దూకుతున్నాయా?
చిప్ బాగానే ఉంది. అది పదుల అంకెను, ఒకట్ల అంకెను నాలుగేసి బిట్లలో విడివిడిగా దాస్తుంది. పై నాలుగు బిట్ల విలువను 10తో గుణించి కింది నాలుగింటిని కలపండి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పాత టైముకే వెళ్తోందా?
వేసవి గాలివానల్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. అది ప్రోగ్రాం ఎక్కించిన రోజు టైమే అయితే, సెటప్‌లో (బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ నడిచే భాగంలో) టైము దిద్దే లైను అలాగే ఉండిపోయిందన్నమాట. గడియారం ఆగిపోయిందని చిప్ చెప్పినప్పుడే ఆ లైను నడిచేలా షరతు పెట్టండి. 2000 జనవరి 1కి వెళ్తుంటే లోపం సెల్‌ది.

కొత్త సెల్ వేసే ముందు ఒక్క క్షణం ఆగండి. జెడ్‌ఎస్-042 అని ముద్రించిన డీఎస్3231 బోర్డులో సెల్‌ను చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. అది రీచార్జ్ అయ్యే సెల్ కోసం పెట్టినది. మనం వేసే సీఆర్2032 చార్జింగ్‌కు పనికిరాదు. 5 వోల్టుల మీద నెలల తరబడి ఉంచితే సెల్ ఉబ్బి, కారే ప్రమాదం ఉంది. సెల్ పక్కనున్న గాజు డయోడ్‌నో, దానితో వరుసలో ఉన్న 200 ఓమ్‌ల రెసిస్టర్‌నో సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయండి. ఈ బోర్డును ఇలా అమ్మడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

సెకన్లు కదలకుండా నిలిచిపోతే, అది డీఎస్1307 అయితే, టైము ఒకసారి దిద్దండి చాలు. ఆపి ఉంచే బిట్ దాంతో పోతుంది.

టైము మెల్లగా జారుతోందా?
డీఎస్1307లో గడియారాన్ని నడిపే క్రిస్టల్ చిప్ బయట ఉంటుంది. 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తేడా ఉన్నా నెలకు దాదాపు 52 సెకన్లు పోతాయి. దాని కాళ్ల మధ్య ఉప్పు తేమ, పచ్చటి చిలుము చేరితే ఇంకా ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, బాగా ఆరనిచ్చి, వార్నిష్ పూయండి. డీఎస్3231లో క్రిస్టల్ చిప్ లోపలే ఉంటుంది, వేడిని బట్టి తానే సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా ఏడాదికి దాదాపు ఒక్క నిమిషమే. గట్టు మీద పెట్టడానికి ఇదే కొనండి.

మోటారు ఆన్ అయినప్పుడు మాత్రమే టైము చెదిరితే, మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్ స్విచ్ రేపే విద్యుత్ అలజడి కారణం. మాడ్యూల్ తీగలు జానెడు దాటనివ్వకండి. మోటారు తీగలతో కలిపి కట్టకండి. కాంటాక్టర్ కాయిల్‌కు ఆ అలజడిని అణిచే స్నబ్బర్ పెట్టండి. ప్రోగ్రాంలో గంట 23 దాటినా, నిమిషం 59 దాటినా ఆ రీడింగ్‌ను వదిలేసి మళ్లీ చదివించండి. అప్పటికీ కుదరకపోతే ఏరేటర్ ఆన్‌లోనే ఉండిపోయేలా రాయండి.