ప్రకృతి పరిశీలన నేర్చుకుందాం – 4వ పాఠం: చచ్చిన మొలకల లెక్క

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన పని చూద్దాం. ఒకే పొట్లంలోని విత్తనాలు చల్లి పెంచిన ఇరవై బంతిమొక్కల ఎత్తు కొలిచి రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒకేలా లేవు కదా? ఆ తేడాలతో మనకు ఇవాళ చాలా పనుంది.

దక్షిణ అమెరికాకు పడమట సముద్రంలో ఉన్న గాలపాగోస్ దీవుల్లో పిట్టల ముక్కులు చూడగానే ఇంగ్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు డార్విన్‌కు ప్రకృతి వరణం (బతకడానికి పనికొచ్చే తేడా ఉన్నవి మిగిలి, ఆ తేడా వాటి పిల్లలకూ అందడం) తట్టిందని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. 1835లో ఆయన ఆ దీవుల్లో గడిపింది అయిదు వారాలే. ఫించ్ పిట్టల్ని సేకరించాడు గానీ, ఏది ఏ దీవిలో దొరికిందో చాలావాటికి చీటీ కట్టలేదు. మాకింగ్‌బర్డులనే మరో రకం పిట్టలకు మాత్రం దీవి పేరు రాసుకున్నాడు. 1837లో లండన్‌లో పక్షి శాస్త్రజ్ఞుడు జాన్ గౌల్డ్ వాటిని పరీక్షించాడు. ఆ మాకింగ్‌బర్డులు మూడు వేర్వేరు జాతులని, ముక్కులు అంత వేరుగా ఉన్నా ఆ చిన్న పిట్టలన్నీ ఫించ్‌లేనని తేల్చాడు. ఏ దీవికి ఏ ఫించ్ అన్నది అప్పుడు కావలసి వచ్చింది. చీటీలు లేవు! తాను వెళ్లిన ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, మరికొందరు తెచ్చుకున్న పిట్టల వివరాలు అడిగి సరిచూసుకోవలసి వచ్చింది. తేదీ, చోటు రాయకుండా నోటుబుక్కు మూయొద్దని మొదటి పాఠం నుంచీ నేను పోరుతున్నది ఇందుకే.

జాతులు మారతాయన్న నమ్మకం ఆయనకు ఆ ఏడాదే కుదిరింది. ఎలా మారతాయన్నది మాత్రం అంతుబట్టలేదు. 1838 సెప్టెంబరు చివర్లో ఆర్థికవేత్త మాల్థస్ జనాభా గురించి రాసిన వ్యాసం చదివాడు. జనం రెట్టింపవుతూ పోతారు, తిండి ఆ వేగంతో పెరగదు అన్నది మాల్థస్ వాదం. మనుషుల సంగతి అలా ఉంచి, మొక్కలకూ జంతువులకూ ఇది వర్తిస్తే ఏమవుతుందని డార్విన్ ఆలోచించాడు.

పెన్సిలు తీసుకోండి. ఏడాదికి రెండే గింజలు కాసి చచ్చిపోయే మొక్క ఒకటి ఉందనుకుందాం. రెండు గింజలూ మొలిచి, వాటికీ రెండేసి గింజలు కాస్తే? 2, 4, 8, 16... చేత్తోనే వేయండి, ఫోను వద్దు. ఇరవయ్యో ఏటికి 10,48,576 మొక్కలు వస్తాయి. మరి మన పెరట్లో తోటకూర ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. అవన్నీ ఏమవుతున్నాయి?

డార్విన్ ఊరికే ఊహించి వదిలేయలేదు, లెక్కపెట్టాడు. ఇంగ్లండులో డౌన్ ఊరిలోని తన ఇంటి దగ్గర మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల తవ్వి శుభ్రం చేసి, మొలిచిన ప్రతి కలుపు మొక్కకూ గుర్తు పెట్టాడు. మొత్తం 357 మొలిచాయి. వాటిలో 295 చచ్చాయి, ఎక్కువగా నత్తగుల్లల జాతి పురుగులూ కీటకాలూ తినేయడం వల్ల. అంటే దాదాపు ఆరింట అయిదు పోయాయి. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు ఆ ఆరు చదరపు అడుగుల నేల ముందు రోజూ వంగి కూర్చునే మనిషే కళ్లముందు కనిపిస్తాడు.

ఇప్పుడు మీ వంతు. తొలకరి పడ్డాక అంతే నేల తవ్వి, పాత వేళ్లు తీసేసి, చుట్టూ పుల్లలు పాతి పురికొస కట్టండి. మేకలు రాకుండా కంప అడ్డం పెట్టండి. అపార్టుమెంటులో ఉంటే వెడల్పాటి కుండీలో చిటికెడు తోటకూర గింజలు చల్లినా చాలు. మొలిచిన ప్రతిదాని పక్కన ఒక చీపురుపుల్ల గుచ్చండి. వయ్యారిభామ మొలిస్తే చేత్తో ముట్టొద్దు, ఒళ్లు దద్దుర్లెక్కుతుంది. రోజూ పొద్దున్నే చూసి నాలుగు గడుల్లో రాయండి: తేదీ, కొత్తగా మొలిచినవి, చచ్చినవి, ఎలా చచ్చాయి. పుల్ల ఉండి మొలక లేకపోతే అది చచ్చినట్టు లెక్క. కారణం కనిపించకపోతే ‘తెలియదు’ అని రాయండి, ఊహించి నింపొద్దు.

నాలుగో గడి దగ్గర జాగ్రత్త. దూడ తొక్కి పది మొలకలు పోతే, వాటిలో బలమైనవీ ఉంటాయి, బలహీనమైనవీ ఉంటాయి. అది ప్రకృతి వరణం కాదు. పురుగు లేత ఆకులున్నవాటిని తినేసి, నూగున్నవాటిని వదిలేస్తే, ఆ నూగు వాటి పిల్లలకూ వస్తే, అప్పుడది ప్రకృతి వరణం. కాబట్టి మిగిలిన మొలకల్లో చచ్చినవాటికి లేని తేడా ఏముందో ఐదో గడిలో రాయండి. ఏమీ కనిపించలేదా? అదే రాయండి.

ఇక ఆ తేడా పిల్లలకు వస్తుందా అన్న ప్రశ్న మిగిలింది. దీనికోసం డార్విన్ పావురాలు పెంచాడు, లండన్‌లోని పావురాల క్లబ్బుల్లో చేరాడు. మామూలు పావురానికి తోకలో 12 ఈకలుంటాయి. విసనకర్ర తోక పావురానికి 30, ఒక్కోసారి 40 కూడా! ఇన్ని రకాలూ కొండరాళ్ల మీద బతికే ఒక్క అడవి పావురం నుంచే వచ్చాయని, మనిషి ఏరి జతకట్టడమే ఈ మార్పు తెచ్చిందని ఆయన వాదించాడు.

ఆ పావురాల్లో కొన్నింటి చర్మాలు మన దేశం నుంచే వెళ్లాయి. పంపింది మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి వాల్టర్ ఎలియట్ అని డార్విన్ 1859లో అచ్చైన తన ‘జాతుల పుట్టుక’ గ్రంథంలో పేరు చెప్పి కృతజ్ఞత తెలిపాడు. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన ఎలియట్ ఈయనే. ఉత్తర సర్కారుల (అంటే ఇప్పటి కోస్తా జిల్లాల వైపు) మొక్కల తెలుగు పేర్లు పోగుచేసి, అదే 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అచ్చువేయించిందీ ఈయనే.

వచ్చే పాఠానికి రెండో పని. మీ ఊళ్లో పావురాలో పందెంకోళ్లో పెంచే పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చోండి. ఏ పుంజుకు ఏ పెట్టను జత కడతారో, పిల్లల్లో దేన్ని ఉంచుకుని దేన్ని అమ్మేస్తారో అడగండి. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి. పైన తేదీ, ఊరి పేరు మరవొద్దు.