మొండి పిల్లిని బయట తిరగనివ్వడం ఎలా? బెంగళూరు ఇళ్లకు పనికొచ్చే పద్ధతి

తలుపు దగ్గర కూర్చుని గంటల తరబడి అరిచే పిల్లి విషయంలో మనవాళ్లు సాధారణంగా రెండే పనులు చేస్తారు. "పిల్లే కదా, తిరిగి తిరిగి అదే వస్తుందిలే" అని తలుపు తీసేస్తారు. లేదంటే ఎంత అరిచినా తీయరు. ఊళ్లో పెంకుటింటి వాకిట్లో మొదటిది నడిచిపోయింది. బెంగళూరు వీధుల్లో, ఈ బైకుల మధ్య, ఈ కుక్కల గుంపుల మధ్య నడవదు. మొండి పిల్లి దగ్గర రెండోది కూడా ఎన్నాళ్లో సాగదు. మీరు చెత్త బుట్ట బయట పెట్టడానికి తలుపు తీసిన క్షణంలో కాళ్ల సందులోంచి దూసుకుపోతుంది. అలా దారి తెలియకుండా, బెదిరిపోయి బయటపడిన పిల్లిని వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. బయటికి వెళ్లనివ్వండి, కానీ ఏ వేళకు, ఎటు, ఎంతసేపు అన్నది మీ చేతిలో ఉంచుకోండి. పిల్లి మొండితనం ఇందుకు బాగా పనికొస్తుంది. ఒకసారి అలవాటైన వేళను అది మనకంటే గట్టిగా పట్టుకుంటుంది.

ముందు మీ ఇల్లు ఎలాంటిదో చూసుకోండి

మీరుండేది మారతహళ్లి, బెళ్లందూరు వైపు అపార్ట్‌మెంట్ అయితే, లేదా ఇంటి ముందే పెద్ద రోడ్డు ఉంటే, పిల్లిని ఒంటరిగా వదిలే ఆలోచన మానుకోండి. మీకు సరిపడేవి రెండు: జాలీ కట్టిన బాల్కనీ, హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసి తాడు తగిలించే పట్టీ) వేసి నడిపించడం. బాల్కనీలకు పావురాల కోసం కట్టే నైలాన్ వలను నమ్మవద్దు, పట్టుబట్టిన పిల్లి దాన్ని కొరికేస్తుంది. సన్న కళ్ల స్టీలు జాలీ వేయించండి. ఈ మధ్య అందరూ పెట్టిస్తున్న తీగల గ్రిల్‌లో తీగకూ తీగకూ మధ్య రెండు అంగుళాల సందు ఉంటుంది, కూనలు అందులోంచి దూరిపోతాయి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే వాలుతుంది, దానికేం కాదు అనుకోవడం తప్పు. కాళ్ల మీద వాలినా దవడ విరుగుతుంది, ఛాతీలో దెబ్బ తగులుతుంది.

రామమూర్తి నగర్ లాంటి చోట్ల, వాహనాలు పెద్దగా రాని సందు చివర, కాంపౌండ్ గోడ ఉన్న సొంతిల్లో అద్దె ఇల్లో అయితే కింద చెప్పినవన్నీ పూర్తయ్యాక పగటిపూట కాసేపు వదలవచ్చు.

టీకాలు, ఆపరేషన్, చిప్

వీటిలో ఏ ఒక్కటి మిగిలినా గడప దాటనివ్వకండి. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు వచ్చేవరకు వేయిస్తారు. రేబిస్ టీకా పన్నెండు వారాలు దాటాక. ఏటేటా బూస్టర్ తప్పదు. చివరి టీకా తర్వాత రెండు వారాలు ఆగండి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఐదారు నెలల వయసులో చేయిస్తారు. మగపిల్లి ఇల్లు వదిలి దూరం పోవడానికి, ఒళ్లంతా గాయాలతో తిరిగి రావడానికి పెద్ద కారణం జత కోసం వెతుకులాట, దాని కోసం జరిగే కొట్లాట. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ వైరస్ ముఖ్యంగా ఈ కొట్లాటల్లో పడే కాట్ల వల్లే వస్తుంది. ఆపరేషన్ అయినా మగపిల్లి కొన్ని వారాల పాటు పిల్లల్ని పుట్టించగలదు, ఆ కొన్నాళ్లు లోపలే ఉంచండి.

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక చర్మం కింద పెడతారు. అందులో పదిహేను అంకెల నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. పిల్లి ఎక్కడుందో అది చెప్పదు. దొరికిన పిల్లి మీదేనని మాత్రం తేలుస్తుంది. ఫోన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్‌లో కూడా మార్పించండి. మెడకు వేసే కాలర్ గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్ ఉన్నదే కొనండి. మామూలు బకిల్ కాలర్ కొమ్మకో గేటుకో చిక్కుకుంటే ఉరి పడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. కుక్కల కోసం అమ్మే పేల మందుల్లో పెర్మెత్రిన్ ఉండేవి పిల్లికి విషం. "కొంచెమే కదా" అని వేయకండి. పిల్లుల కోసమే చేసిన మందు డాక్టరునడిగి వాడండి.

తలుపు మీ మాట వినాలి

అరిచినప్పుడు తలుపు తీస్తే, ఎంతసేపు అరిస్తే తెరుచుకుంటుందో పిల్లి లెక్క కట్టుకుంటుంది. అరుపు ఆగి, ఒక నిమిషం నిశ్శబ్దంగా కూర్చున్నాకే తీయండి. మొదటి వారం చెవులు చిల్లులు పడతాయి, ఓర్చుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మమ్మ జాలిపడి ఒక్కసారి తీస్తే మళ్లీ మొదటికొస్తుంది.

దీనితో పాటే పిలుపు నేర్పండి. స్టీలు డబ్బాలో దానికి బాగా ఇష్టమైన ట్రీట్స్ వేసి, ఆడించి, వెంటనే ఒకటి పెట్టండి. ఇంట్లో ఏ గదిలో ఉన్నా ఆ చప్పుడుకు పరుగెత్తుకుంటూ వచ్చేదాకా రోజూ చేయండి. ఈ డబ్బాను మందు వేయడానికో స్నానానికో పట్టుకోవడానికి వాడారంటే ఆ పిలుపు పాడైనట్టే.

హార్నెస్ అలవాటు

ఇక్కడే చాలామంది ఓపిక కోల్పోతారు. హార్నెస్‌ను మొదట అన్నం గిన్నె పక్కన ఊరికే పడేయండి. రెండు మూడు రోజులు వాసన చూసి అలవాటు పడ్డాక, తినేటప్పుడు వీపు మీద పెట్టి తీసేయండి. ఆ తర్వాత క్లిప్పులు పెట్టండి. మా పిల్లి రాయుడికి మొదటిసారి క్లిప్ పడగానే నాలుగు కాళ్లూ బిగదీసుకుని, ఒక పక్కకు మెల్లగా ఒరిగి, దెబ్బ తగిలినవాడిలా నేల మీద పడుకుండిపోయాడు. కంగారు పడకండి, చాలా పిల్లులు ఇలాగే చేస్తాయి. లేపి నిలబెట్టవద్దు, తాడు లాగవద్దు. మూతికి జానెడు దూరంలో చికెన్ ముక్క పెట్టి చూడండి. మెడ సాచుతుంది, తర్వాత ఒక ముందు కాలు కదులుతుంది, ఆ కాలు కదిలిందంటే పని మొదలైనట్టే.

హార్నెస్‌కూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకు మించి వదులుండకూడదు. బెదిరిన పిల్లి ముందుకు లాగదు, వెనక్కి జారుతుంది. వదులుగా ఉంటే ఒక్క ఊపులో బయటపడుతుంది. ఇంట్లోనే తాడు కొంచెం ముందు నుంచి పట్టుకుని, అది వెనక్కి జారగలదేమో పరీక్షించండి.

మొదటి అడుగులు

స్కూల్ వ్యాన్లు, ఆఫీసు క్యాబ్‌లు వెళ్లిపోయాక, ఉదయం పది ప్రాంతంలో సందులు కాస్త ప్రశాంతంగా ఉంటాయి. అప్పుడు మొదలుపెట్టండి. గడప దగ్గర కూర్చోండి, అదే బయటికి రావాలి. ఎత్తుకెళ్లి రోడ్డు మీద దించితే తిరిగొచ్చే దారి దానికి తెలియదు, తన కాళ్లతో నడిచి వెళ్తే వాసన పట్టుకుని వెనక్కి వస్తుంది. మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడే తీసుకెళ్లండి, తిరిగి రాగానే భోజనం పెట్టండి. బయట తిరగడం ఇంట్లో భోజనంతో ముగుస్తుందని దానికి అర్థం కావాలి.

పిల్లిని పెట్టుకునే బ్యాగ్ వెంట ఉంచుకోండి. కుక్క ఎదురైతే పిల్లిని గుండెకు హత్తుకోవద్దు. ప్రాణభయంతో అది మీ ముఖం మీదుగా నెత్తికెక్కుతుంది. బ్యాగ్ తెరిచి నేల మీద పెట్టండి, లేదా తువ్వాలు కప్పి ఎత్తండి. కరిచినా రక్కినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వదలబోయే ముందు సందంతా ఒకసారి నడవండి

మన బెంగళూరు ఇళ్లలో కుక్కల తర్వాత నాకు ఎక్కువ భయం సంపులంటేనే. ట్యాంకర్ వచ్చినప్పుడు మూత తీసి, మళ్లీ సరిగా వేయడం మరిచిపోతారు. నున్నటి సిమెంటు గోడలు ఎక్కి పిల్లి బయటపడలేదు. మీ సంపు, అటూ ఇటూ రెండేసి ఇళ్ల సంపులు, డాబా మీద ట్యాంకు మూతలు చూసి రండి.

ఎలుకల కోసం జిగురు అట్టలు గానీ, ఎలుకల మందు గానీ పెట్టారేమో వీధి చివరి కిరాణా కొట్టులో అడగండి. జిగురు అంటుకుంటే లాగకండి, కిరోసిన్, థిన్నర్ అసలు వద్దు. వంట నూనె రాసి మెల్లగా వదిలించి, తర్వాత షాంపూతో కడగండి. ఎలుకల మందు తిన్న పిల్లిలో లోపల రక్తం కారే లక్షణాలు కొన్ని రోజుల తర్వాత బయటపడవచ్చు. అనుమానం వస్తే ఆ డబ్బా ఫొటో తీసుకుని అప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. దోమల ఫాగింగ్ జరిగే రోజు, దీపావళికి ముందూ వెనకా వారం రోజులు పూర్తిగా లోపలే ఉంచండి. వానాకాలంలో వెచ్చదనం కోసం పిల్లులు కారు బానెట్ కింద దూరతాయి, బండి తీసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టమని పక్కింటివాళ్లకు చెప్పండి.

వాళ్లతో మంచిగా ఉండటం చాలా అవసరం. పెంపుడు జంతువుల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ పై ఇంటి ఆంటీ ఆరబెట్టిన వడియాల మీద మీ పిల్లి పడుకుంటే ఆ కాగితం చూపించి లాభం లేదు. ముందే వెళ్లి, పిల్లిని చూపించి, ఫోన్ నంబరు ఇచ్చి రండి.

పిట్టల సంగతి కూడా మన బాధ్యతే. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ల 2021 పరిశోధనలో, మాంసం ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ ఐదు పది నిమిషాలు ఆడించిన పిల్లుల్లో 25 శాతం తగ్గింది. ఒక కర్రకు ఈక కట్టి ఆడించండి చాలు.

తాడు లేకుండా

పిలుపుకు ప్రతిసారీ వస్తూ, సందులో దారులన్నీ తెలిశాకే తాడు విప్పండి. మొదట్లో పావుగంట, మీరు గేటు దగ్గరే ఉండాలి. సాయంత్రం ఐదున్నరకల్లా డబ్బా మోగాలి, చీకటి పడేసరికి పిల్లి లోపల ఉండాలి. రాత్రిళ్లు రోడ్లు ఖాళీ అయ్యాక కుక్కలు గుంపు కడతాయి, ఆ సమయంలో పిల్లికి గోడ అందకపోతే బతకడం కష్టం.

రాగానే ఒళ్లంతా చేత్తో తడమండి. పంటి కాటు పైకి కనిపించదు, రెండు మూడు రోజుల్లో చీము గడ్డ కడుతుంది. ఇంట్లో లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాల పెట్టె) తీసేయవద్దు. బయటికే వెళ్లే పిల్లి మూత్రం పోస్తోందో లేదో మీకు తెలియదు. మగపిల్లి మాటిమాటికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే తెల్లవారేదాకా ఆగకండి, అది ప్రాణం మీదికొచ్చే స్థితి.

వేళకు రాకపోతే

దూరం పరుగెత్తకండి, భయపడ్డ పిల్లి ఎక్కువగా దగ్గర్లోనే నక్కి ఉంటుంది, పిలిచినా పలకదు. కార్ల కింద, మెట్ల కింద, మూసేసిన షాపుల వెనక, సంపుల్లో చూడండి. వీధి సద్దుమణిగాక టార్చి వేస్తే కళ్లు మెరుస్తాయి. ఫోన్‌లో దాని ఫొటో చూపిస్తూ ఇస్త్రీ బండి దగ్గర, వాచ్‌మన్ల దగ్గర "నమ్మ బెక్కు నోడిద్రా?" (మా పిల్లిని చూశారా?) అని కన్నడలో అడగండి. మధ్యాహ్నం తలుపు తీసి మళ్లీ తాళం వేసిన గోడౌన్, గ్యారేజీ ఏదైనా ఉందేమో కనుక్కుని, యజమానిని పిలిపించి తెరిపించండి. దెబ్బలతో దొరికితే తువ్వాల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి బయల్దేరండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల మీ ఇంటికి దగ్గర్లో ఏది ఉందో, దాని నంబరేమిటో ఈ రోజే కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.