సుగంధ ద్రవ్యాల వంట, ఆరవ పాఠం: జాజికాయ ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి

గత పాఠంలో లవంగం నేతిలో పడగానే ఉబ్బే క్షణాన్ని గమనించమని అభ్యాసం ఇచ్చాను. అది శ్రద్ధగా చేసినవారికి ఈ పాఠం త్వరగా పట్టుబడుతుంది, ఎందుకంటే జాజికాయ నడత లవంగానికి పూర్తిగా ఎదురు. లవంగం వంట మొదట్లో పడాలి, జాజికాయ చివర్లో పడాలి. లవంగాలను లెక్కపెట్టి వేస్తాం, జాజికాయను మాత్రం వేళ్ళతో కొలిచి వేయాలి. కొలత, వేళ అనే ఈ రెండింటినే ఈ పాఠంలో నేర్చుకుందాం.

కోనసీమ ఇళ్ళలో జాజికాయకు చాలాకాలంగా రెండే చోట్లు ఉన్నాయి. ఒకటి, వసకొమ్ము, కరక్కాయలతో పాటు పసిపిల్లల ఉగ్గు కోసం దాచే చిన్న డబ్బా. రెండవది, బిర్యానీ మసాలా పొట్లం. మొదటి చోట అది మందు, రెండవ చోట పది దినుసుల్లో ఒకటి. ఈ రెండింటిలో ఎక్కడా దాని అసలు రుచి మన నాలుకకు విడిగా తెలియదు. కొబ్బరిపాలు, నెయ్యి, బెల్లం ఇంత విరివిగా వాడే మన ప్రాంతంలో జాజికాయకు ఇంత తక్కువ చోటు ఉండడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది, ఎందుకంటే జాజికాయ పరిమళం విచ్చుకొనేది సరిగ్గా ఆ మూడింటి సాంగత్యంలోనే.

ముందుగా చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోవాలి. మనం జాజికాయ అంటున్నది నిజానికి కాయ కాదు, ఒక పండులోని గింజ. పండు పసుపు రంగులో, చిన్న జామకాయంత ఉంటుంది. పూత పూసిన సుమారు తొమ్మిది నెలలకు అది పండి, తనంతట తాను రెండుగా చీలుతుంది. ఆ చీలికలో నల్లటి పెంకును ఎర్రని జాలరులాగా అల్లుకొని కనిపించేదే జాపత్రి. పెంకును పగలగొడితే లోపల దొరికేది జాజికాయ. జాజి చెట్లలో ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. విత్తనంతో పెంచిన చెట్టు ఆడదో మగదో పూత వచ్చేదాకా తెలియదు, ఆ పూతకు ఏళ్ళు పడుతుంది. అందుకే తోటల్లో అంటు మొక్కలను నాటుతారు. మన దేశంలో జాజి పంటకు కేరళ పెట్టింది పేరు. ఆ చెట్టు నీడను, తేమను కోరుతుంది కనుక మన డెల్టాలోనూ కొన్ని కొబ్బరి తోటల్లో దీన్ని అంతర పంటగా పెంచుతున్నారు. మీకు తెలిసిన తోటలో ఈ చెట్టు ఉంటే, పండు చీలిన రోజున ఒకసారి వెళ్ళి చూడండి. అప్పుడే తీసిన జాపత్రి ఎరుపు ఎంత గాఢంగా ఉంటుందో ఏ వర్ణనా చెప్పలేదు.

ఈ చెట్టు పుట్టిల్లు మాత్రం ఇండోనేషియాలోని బాందా దీవులు. జాజికాయ కోసమే 1621లో డచ్చి వర్తక సంఘం ఆ దీవులను రక్తపాతంతో వశం చేసుకొంది. 1667 నాటి బ్రెడా ఒప్పందంలో ఆంగ్లేయులు బాందాలోని రన్ అనే చిన్న దీవిపై హక్కును డచ్చివారికి వదులుకోగా, న్యూయార్క్ నగరం వెలసిన మన్‌హట్టన్ ఆంగ్లేయుల చేతిలో నిలిచిపోయింది. ఈ కథతో మన డెల్టాకూ సంబంధం ఉంది. ఆ శతాబ్దంలోనే డచ్చివారికి పాలకొల్లులో వర్తక స్థావరం ఉండేది. తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఇవ్వడానికి వాళ్ళకు కావలసింది మన కోస్తా నేత బట్టలు, అద్దకపు బట్టలు. మన నేతగాళ్ళు నేసిన బట్ట తూర్పుకు వెళ్తే అక్కడి జాజికాయ పడమటికి వెళ్ళింది. పచారీ కొట్టులో జాజికాయ చేతికి తీసుకున్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

ఇక కొనడం. పొడిని కొనకండి. జాజికాయ పరిమళమంతా త్వరగా ఎగిరిపోయే తైలంలో ఉంటుంది. కాయ రూపంలో ఆ తైలం ఏళ్ళ తరబడి నిలుస్తుంది, పొడిగా మారాక కొన్ని వారాల్లోనే పలచబడుతుంది. కాయను చేతిలో పట్టుకుంటే దాని పరిమాణానికి తగిన బరువు తెలియాలి. చిన్న రంధ్రాలు కనిపిస్తే పురుగు తొలిచిందని అర్థం. గోటితో గట్టిగా గీస్తే గీత తడిగా మెరవాలి, పొడిపొడిగా రాలకూడదు. కాయ మీద తెల్లని పూత ఉంటే భయపడనక్కరలేదు, పురుగు పట్టకుండా సున్నం పట్టించే ఆచారం పాతదే. అయితే ఆ తెలుపు సున్నమో బూజో తేల్చుకోవాలి. సున్నం పొడిగా, అంతటా ఒకేలా ఉంటుంది. బూజు మచ్చలు మచ్చలుగా ఉండి ముక్కిపోయిన వాసన వేస్తుంది.

బూజు విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనం ఉండేది గోదావరి పాయల నడుమ. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన వంటింటి గాలిలోనే నీరు ఉంటుంది. జాజికాయకు పట్టే బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయానికి హాని చేస్తుంది, వంట వేడికి పూర్తిగా నశించదు. కనుక బూజు పట్టిన కాయను తుడిచి, ఎండబెట్టి వాడుకుందామన్న ఆలోచన వద్దు, పారవేయండి. పెంకుతో ఉన్న కాయలు దొరికితే అవే కొనండి. కాయను ఊపినప్పుడు లోపలి గింజ గలగలమంటే బాగా ఎండినట్టు. వాటిని బిగుతు మూత ఉన్న పొడి గాజు సీసాలో, పొయ్యికి దూరంగా ఉంచి, కావలసినప్పుడు ఒక్కొక్క పెంకునే పగలగొట్టండి.

పొడి చేయడానికి మిక్సీ పనికిరాదు. జాజికాయలో నాలుగో వంతుకు పైగా కొవ్వు ఉంటుంది కనుక అది గిన్నె గోడలకు అంటుకుంటుంది. పైగా తిరిగే బ్లేడ్ల వేడికి తైలం ఎగిరిపోతుంది. కొబ్బరి కోరాం పళ్ళు దీనికి మరీ ముతక. సన్నని రంధ్రాల తురుము పీట ఉంటే మంచిది, లేకపోతే మన ఇళ్ళలో ఉన్న సానరాయిని మించినది లేదు. సాన మీద నాలుగు చుక్కల పాలు వేసి, కాయను నిదానంగా గుండ్రంగా అరగదీస్తే గంధం వస్తుంది. పూర్వం ఉగ్గు పెట్టే పెద్దవాళ్ళు ఏ దినుసు ఎంత వేయాలో గ్రాముల్లో చెప్పలేదు, రెండు చుట్లు, మూడు చుట్లు అని చెప్పారు. వంటకూ ఆ పద్ధతే చక్కగా సరిపోతుంది. మీ సాన మీద పది చుట్లకు ఎంత గంధం వస్తుందో ఒకసారి చూసుకుంటే, ఆ తరువాత మీకు చెంచాతో పని ఉండదు.

ఇప్పుడు కొలత. ఒక జాజికాయ సుమారు 5 గ్రాముల బరువు తూగుతుంది, తురిమితే రెండు మూడు చిన్న చెంచాల పొడి వస్తుంది. ఆరుగురు తినే పాయసానికి కావలసింది చిన్న చెంచాలో ఎనిమిదో వంతు, అంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి రెండుసార్లు పట్టే చిటికెడు మాత్రమే. బరువులో అది గ్రాములో మూడో వంతుకు మించదు. ఈ లెక్కన ఒక కాయ పదిహేను వంటలకు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు దాదాపు అందరూ దీనికి రెండు మూడింతలు వేస్తారు. నేను నేర్చుకునే రోజుల్లో ఒక ధనుర్మాసపు ఉదయం చక్కెర పొంగలిలో పావు కాయ తురిమి వేశాను. తీపి, నెయ్యి, పచ్చకర్పూరం అన్నీ దాని కింద అణిగిపోయి, నాలుక మీద చేదు, పొలమారినంత ఘాటు మిగిలాయి. ఏలకులు ఎక్కువైతే వంటకం ఏలకుల వాసన వేస్తుంది, అంతే. జాజికాయ ఎక్కువైతే వంటకమే చెడుతుంది. తిన్నవారు ‘ఇందులో ఏదో వేశారు, ఏమిటది?’ అని ఆలోచనలో పడాలి. ‘జాజికాయ వేశారు’ అని మొదటి ముద్దకే గుర్తుపడితే కొలత మించిందన్నమాట.

వేళ గురించి. జాజికాయ తైలం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మరిగే నీటి ఆవిరితో కలిసి బయటకు పోతుంది. ఈ రెండు మాటల్లోనే వేళ అంతా ఉంది. మొదట్లో వేస్తే పరిమళం ఇల్లంతా నిండుతుంది, గిన్నెలో మాత్రం కొంచెం చేదు మిగులుతుంది. పొయ్యి దించాక, గోరువెచ్చని నేతిలోనో చిక్కటి పాలలోనో కలిపి వేస్తే అది కొవ్వును పట్టుకొని నిలబడుతుంది.

దీనిని కొబ్బరిపాల పరమాన్నంతో సాధన చేద్దాం. ఒక పెద్ద కొబ్బరికాయ కోరి, గోరువెచ్చని నీటితో మొదటి పాలు ఒక గ్లాసు, రెండవ పాలు రెండు గ్లాసులు తీసి వేరువేరుగా ఉంచండి. 100 గ్రాముల బియ్యాన్ని కడిగి, అరగంట నానబెట్టి, రెండవ పాలలో మరో గ్లాసున్నర నీళ్ళు కలిపి అందులో మెత్తగా ఉడికించండి. మంట సన్నగా ఉండాలి, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. 150 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, మెతుకు పూర్తిగా ఉడికిన తరువాతే కలపండి, ఎందుకంటే బెల్లం పడ్డాక మెతుకు ఇక మెత్తబడదు. ఐదు నిమిషాలు ఉడికాక మంట బాగా తగ్గించి మొదటి పాలు పోయండి. ఇక్కడినుంచి మరగనివ్వకూడదు, మరిగితే పాలు విరిగినట్టై నూనె తేలుతుంది. అంచుల వెంట చిన్న బుడగలు కనబడగానే దించేయండి. వేరే చిన్న గిన్నెలో రెండు చెంచాల నేతిలో జీడిపప్పు వేయించి, పప్పును పరమాన్నంలో వేసి, నేతిని మాత్రం పక్కన పెట్టండి. ఆ నెయ్యి వేలు పెట్టగలిగేంత చల్లారాక అందులో చెప్పిన చిటికెడు జాజికాయ తురుము వేసి, ఒక నిమిషం ఆగి, పరమాన్నం మీద పోసి, ఒక్కసారి కలిపి మూత పెట్టండి. పది నిమిషాల తరువాతే వడ్డించండి. ఏలకులు ఈసారికి వద్దు, జాజికాయను ఒంటరిగా తెలుసుకోవాలి.

కారపు వంటల్లో దీని చోటు చిన్నది, అయినా ఉంది. సహజంగా తీపి ఉన్న గుమ్మడి, చిలగడదుంప, పనస వంటివాటి కూరల్లోనూ, పాలకూరలోనూ దించే ముందు అర చిటికెడు వేయవచ్చు. కోడికూరలో కొబ్బరిపాలు పోసినప్పుడు కూడా బాగుంటుంది. పులుసుల్లో, గోంగూరలో మాత్రం వేయకండి. పులుపు ముందు జాజికాయ రుచి నిలవదు, దాని చేదు ఒక్కటే పైకి వస్తుంది.

ప్రయోజనాల విషయం. చరక సంహిత సూత్రస్థానంలోని ఐదవ అధ్యాయం నోటి శుభ్రతకు, రుచికి నోట ఉంచుకోవలసిన ద్రవ్యాలలో లవంగం, వక్క, తమలపాకు, కర్పూరం, ఏలకులతో పాటు జాజినీ చెప్పింది. భోజనం తరువాత తాంబూలంలో జాజికాయ పలుకు వేసుకునే అలవాటూ ఇలాంటిదే. ఆయుర్వేదం దీనిని జాతీఫలం అని పిలిచి, అజీర్తికి, విరేచనాలకు, నిద్రలేమికి వాడే యోగాల్లో చేర్చింది. రాత్రి వెచ్చని పాలలో ఒక చిటికెడు వేసుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే. అందులో తప్పు లేదు, రుచికీ బాగుంటుంది. అయితే చిటికెడు మేలు చేస్తే చెంచాడు ఇంకా మేలు చేస్తుందని ఎవరూ అనుకోకూడదు. సుమారు 5 గ్రాముల పొడి, అంటే ఒక్క కాయంత, ఒకేసారి తింటే విషమవుతుంది. జాజికాయలోని మిరిస్టిసిన్ వంటి పదార్థాల వల్ల మూడు నుంచి ఆరు గంటల తరువాత నోరు ఎండిపోవడం, గుండె దడ, వాంతులు, తల తిరగడం, లేనివి ఉన్నట్టు కనిపించడం మొదలై, ఒక రోజు పైగా బాధించవచ్చు. లక్షణాలు ఆలస్యంగా మొదలవుతాయి కనుకనే, ఏమీ కాలేదు కదా అని మరికొంత తినే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గర్భిణులు వంటలోని చిటికెడు దాటకూడదు. మానసిక వ్యాధులకు మందులు వాడుతున్నవారు దీన్ని ఔషధంగా తీసుకునే ముందు వైద్యుణ్ణి అడగాలి. సీసాను పిల్లలకు, పెంపుడు కుక్కలకు అందకుండా ఉంచండి.

ఉగ్గు గురించి అడిగేవారు ఉంటారు కనుక స్పష్టంగా రాస్తున్నాను. మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పెద్దల సానరాయి మీద, వాళ్ళ చేతి కొలత మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, పసిబిడ్డ విషయంలో నేను ఈ మాటనే పాటిస్తాను.

ఈ వారం అభ్యాసం ఇది. అర లీటరు చిక్కటి పాలను మూడు సమ భాగాలుగా మూడు గిన్నెల్లో పోయండి. సాన మీద ఒకే లెక్కన, గిన్నెకు మూడు చుట్లు చొప్పున జాజికాయ అరగదీయండి. మొదటి గిన్నెలో పాలు చల్లగా ఉన్నప్పుడే వేసి పది నిమిషాలు మరగనివ్వండి. రెండవ దానిలో పొంగు వచ్చినప్పుడు వేయండి. మూడవ దానిలో దించి, కాస్త చల్లారాక వేయండి. పంచదార కలపకుండా, మధ్యలో నీళ్ళు పుక్కిలిస్తూ మూడింటినీ రుచి చూసి, ఏది ఎక్కువ పరిమళించిందో, ఏది ఎక్కువ చేదుగా ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి. మరునాడు మూడవ గిన్నె పద్ధతినే ఒక్క చుట్టుతో, తరువాత ఐదు చుట్లతో చేసి, మీ సానకు సరిపోయే లెక్కను మీరే తేల్చుకోండి. వచ్చే పాఠం జాపత్రి గురించి. రెండు రేకలు ముందే తెచ్చి ఉంచుకోండి, నారింజ రంగు నిలిచి ఉన్నవి, వంచితే పుటుక్కున విరిగేవి చూసి కొనండి.