ఏఐ తోడుగా మ్యాప్ కోడింగ్ - 4వ పాఠం: డిగ్రీలా, మీటర్లా?

గత పాఠంలో విజయవాడ బస్‌స్టాపుల ఫైలును జియోపాండాస్ అనే పైథాన్ మ్యాప్ లైబ్రరీలోకి తెచ్చుకున్నాం. ఈసారి ఒక్కో స్టాపు చుట్టూ 500 మీటర్ల బఫర్, అంటే అంత దూరం వరకు వలయం, గీయమని ఏఐని అడగండి.

కోడ్ క్షణాల్లో వచ్చేస్తుంది. రన్ కొట్టకండి. బఫర్ పక్కన 500 అని కనిపిస్తే, ఫైలు ఏ కోఆర్డినేట్ సిస్టమ్‌లో (సీఆర్‌ఎస్, అంటే స్థానాలను అంకెల్లో చెప్పే పద్ధతి) ఉందో పై లైన్లలో వెతకండి. ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ, రేఖాంశాల పద్ధతికి కోడ్) అయితే లెక్కంతా డిగ్రీల్లోనే. అక్షాంశంలో ఒక్క డిగ్రీ అంటేనే సుమారు 111 కిలోమీటర్లు, మరి 500 డిగ్రీలంటే? జియోపాండాస్ హెచ్చరిస్తుంది గానీ పని ఆపదు. హెచ్చరికలు చదివే ఓపిక మనలో ఎంతమందికి ఉంది!

కాబట్టి ముందు మీటర్లలోకి మార్చాలి. భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి యూటీఎం. విజయవాడ అందులో 44వ జోన్‌లో ఉంది, కోడ్ 32644. ఇక్కడ రెండు ఫంక్షన్లు ఒకేలా కనిపిస్తాయి. టు_సీఆర్‌ఎస్ అంకెలను నిజంగానే మారుస్తుంది. సెట్_సీఆర్‌ఎస్ మాత్రం ఆవకాయ జాడీకి మాగాయ చీటీ అంటించే రకం. ఫైలుకు అప్పటికే వేరే చీటీ ఉంటే అది ఎర్రర్ ఇస్తుంది, ఆ సందేశంలోనే అలో_ఓవర్‌రైడ్ అనే దారీ చూపిస్తుంది. ఎర్రర్‌ను ఏఐకి అతికిస్తే ఒక్కోసారి ఆ దారే పట్టి, సరిచేశానంటుంది. ఎర్రర్ పోతుంది. మీ బస్‌స్టాపులు మాత్రం భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రంలో తేలతాయి.

డిజిటైజింగ్ (మ్యాపులను కంప్యూటర్‌లో చేత్తో గీసే పని) నుంచి కోడింగ్‌కి మారదామనుకునేవాళ్లు "ఏఐ వచ్చాక ఇక నేర్చుకుని ఏం లాభం?" అని టెన్షన్ పడుతున్నారు. కోడ్ టైప్ చేసే పనికి గిరాకీ తగ్గుతున్న మాట నిజమే, కాదనను. కానీ సముద్రంలో తేలిన బస్‌స్టాపును చూడగానే పట్టేసే కన్ను, ఏళ్ల తరబడి రోడ్లూ చెరువులూ గీసిన మీకు ఇప్పటికే ఉంది. సింటాక్స్ బట్టీ పట్టే గంటలను ప్రొజెక్షన్ల మీద, అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాపుపైకి తెచ్చే పద్ధతుల మీద పెట్టండి. ఇంటర్వ్యూల్లో నేనైతే అదే అడుగుతాను.

అభ్యాసం: అదే కోడ్‌కు అనంతపురం, ఇచ్ఛాపురం పాయింట్లు కలపండి. మొదటిది 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, రెండోది 84.7 దగ్గర ఉన్నాయి. 44వ జోన్ 78 నుంచి 84 వరకే. అంటే ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు జోన్లు! జోన్‌ను తనే ఎంచే ఎస్టిమేట్_యూటీఎం_సీఆర్‌ఎస్ ఫంక్షన్ వాడినా ఫైలు మొత్తానికి ఒకే జోన్ ఇస్తుంది. మరి రాష్ట్రమంతటికీ బఫర్లు కావాలంటే ఏఐని ఏమని అడుగుతారు? మీ ప్రాంప్ట్ రాసి ఉంచుకోండి, 5వ పాఠంలో దాన్నే పరీక్షిద్దాం.