పబ్లిక్ యాక్సెస్ టీవీకి తిక్క వీడియో తీసే ముందు

పబ్లిక్ యాక్సెస్ టీవీ అంటే మామూలు జనం తీసిన కార్యక్రమాలు వేసే కేబుల్ ఛానల్. అమెరికాలో 1984 కేబుల్ చట్టం వల్ల, అశ్లీలం మినహా మీ కార్యక్రమంలో కేబుల్ కంపెనీ వేలు పెట్టకూడదు. కాబట్టి బాధ్యతంతా మీ నెత్తినే.

• సినిమా పాట చిన్న ముక్కైనా వద్దు. వెనకాల రేడియో మోగుతుంటే ఆపించండి.

• నటించేవాళ్ల చేత అనుమతి పత్రంపై సంతకాలు షూటింగుకు ముందే. తర్వాత దొరకరు.

• ప్రకటనలు కుదరవు. "మా బావ హోటల్లో బిర్యానీ పది డాలర్లే, రండి" అన్నారంటే అయిపోయింది.

• గొరిల్లా వేషం వేస్తున్నారా? మైకు లోపల పెడితే బొచ్చు రాసుకుని గరగర తప్ప మాట వినపడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఓసారి వినండి.

• పబ్లిక్ యాక్సెస్ స్టూడియో వాళ్ల కెమెరా కావాలంటే సాధారణంగా శిక్షణ పూర్తిచేయాలి. కార్యక్రమం ఎన్ని నిమిషాలుండాలో కూడా అక్కడే అడగండి.

• నవ్వులాటకైనా బొమ్మ తుపాకీతో వీధిలోకి వెళ్లకండి. పోలీసులు నిజమైనదే అనుకుంటారు.